ఆర్కిడ్ ఆకు మీద మచ్చ: మందు కొట్టే ముందు వెలుగు చూడండి

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా చెల్లెలు పోయిన వేసవిలో వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. ఫోటో నిండా ఒకటే ఆకు, ఆకు మధ్యలో రూపాయి బిళ్లంత మచ్చ. "అన్నయ్యా, దీనికి ఏం మందు కొట్టాలి?" అని కింద రాసింది. మందు సంగతి తర్వాత చూద్దాంగానీ, కుండీ పెట్టిన చోటంతా కనిపించేలా మధ్యాహ్నం పన్నెండింటికి ఒక ఫోటో, సాయంత్రం నాలుగింటికి ఒక ఫోటో తీసి పంపమ్మా అన్నాను. నాలుగింటి ఫోటోలో జవాబు దొరికింది. పడమటి కిటికీ గ్రిల్ నీడలు ఆకు మీద గళ్లు గళ్లుగా పడ్డాయి. సరిగ్గా మచ్చ ఉన్న చోట మాత్రం నీడ లేదు, ఎండ ఉంది.

నేను ముప్పై ఒక్క ఏళ్లు విజయవాడ గవర్నరుపేటలో ఫోటో స్టూడియో నడిపాను. ఇప్పుడు సత్యనారాయణపురంలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఇరవై రెండు ఆర్కిడ్ కుండీలు చూసుకుంటున్నాను. ఫోటోగ్రఫీలో మొదటి రోజే తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. మన కన్ను వెలుగును కొలవలేదు. సర్దుకుపోతుంది. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. ట్యూబ్‌లైట్ వేసిన హాల్లో రెండు వందల లక్స్ ఉంటే మనకు హాయిగా పేపరు చదువుకునేంత వెలుగు. మే నెల మిట్టమధ్యాహ్నం మేడ మీద లక్ష లక్స్ ఉంటుంది. ఐదు వందల రెట్ల తేడా. కన్ను రెండింటినీ 'వెలుతురు బాగుంది' అనే అంటుంది. మొక్కకు అలా సర్దుకునే వీలు లేదు. తక్కువైనా, ఎక్కువైనా ఆ లెక్క ఆకు మీద రాసిపెడుతుంది. ఆ రాత చదవడం ఎలాగో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మన విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఆర్కిడ్ ఆకుల మీద నేను చూసిన మచ్చల్లో ఎక్కువ భాగం ఎండ పెట్టినవే. రెండో స్థానం వానాకాలంలో వచ్చే బ్యాక్టీరియా కుళ్లుది. మిగిలినవన్నీ కలిపినా ఈ రెండింటికీ సాటి రావు. మొదటిదానికి ఏ మందూ అక్కర్లేదు. రెండోదానికి మందు కంటే ముందు బ్లేడు కావాలి. అందుకే మచ్చ కనబడగానే పురుగుమందుల షాపుకు పరుగెత్తొద్దని అందరినీ బతిమాలుతుంటాను.

ఎండ మచ్చ

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు మా ఇంటికి బంధువులు పద్నాలుగు మంది వచ్చారు. హాల్లో పడకలకు చోటు చాలక, తూర్పు కిటికీ దగ్గరుండే నా మొదటి ఫెలనాప్సిస్‌ని (ఇళ్లలో పెంచే ఒక రకం ఆర్కిడ్) పడమటి బాల్కనీలో పెట్టాను. మూడో రోజు సాయంత్రం చూస్తే పై ఆకు వంపు మీద ఒక చోట పచ్చదనం పోయి, సున్నం పూసినట్టు తెల్లబడింది. ఫంగస్ అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి, ఎండ మొహం మీద కొడుతుండగా, మందు కలిపి కొట్టాను. తడి ఆకు మీద మందు ఆ ఎండకే ఎండి, ఇంకో రెండు ఆకుల అంచులు మాడాయి. వారానికి ఆ తెల్ల మచ్చ గోధుమరంగుకు తిరిగి, ఎండిన తమలపాకులా పలచబడింది. అక్కడితో ఆగింది. పక్కకు ఒక్క మిల్లీమీటరు కూడా పాకలేదు. అలా పాకకపోవడమే ఎండ మచ్చకు అసలు గుర్తు అని నాకు తర్వాత అర్థమైంది.

మిగతా గుర్తులూ చెబుతాను. ఎండ మచ్చ ఆకు పైవైపే మొదలవుతుంది, అదీ ఎండకు ఎదురుగా ఉన్న ఆకు మీద, ఆ ఆకులోనూ బాగా ఉబ్బెత్తుగా వంగిన చోట. కింది ఆకుకు పై ఆకు నీడ ఉంటే కింద మచ్చ ఉండదు. అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. నీరు కారదు, వాసన రాదు. ముట్టుకుంటే పొడిగా ఉంటుంది. మచ్చ రాకముందే ఆకు హెచ్చరిక ఇస్తుంది: మిట్టమధ్యాహ్నం అరచేతి వెనకవైపుతో ఎండలోని ఆకును, నీడలోని ఆకును ఒకదాని తర్వాత ఒకటి తాకి చూడండి. నీడలో ఆకు కంటే ఎండలో ఆకు బాగా వేడిగా తగిలితే, ఆ పూటే కుండీ జరపాలి. రోహిణి కార్తెలో గాలే నలభై దాటుతుంది కాబట్టి అన్ని ఆకులూ వెచ్చగానే ఉంటాయి. అందుకే ఒక్క ఆకును తాకి తేల్చకూడదు.

ఎండ మచ్చ ఎప్పటికీ పచ్చబడదు. అయినా ఆ ఆకును కోయొద్దు. మచ్చ పోగా మిగిలిన పచ్చభాగం మొక్కకు అన్నం వండుతూనే ఉంటుంది. ఫెలనాప్సిస్‌కు ఉండేదే నాలుగైదు ఆకులు, ఏడాదికి కొత్తగా వచ్చేవి రెండో మూడో. అందంగా లేదని ఒకటి తీసేస్తే అది మొక్కకు పెద్ద నష్టం.

నాణెం, టార్చి, రెండు రోజులు

ఏ మచ్చ చూసినా నేను చేసే పని ఇది. మచ్చ పక్కన రూపాయి నాణెం పెట్టి ఫోటో తీస్తాను. నలభై ఎనిమిది గంటల తర్వాత అదే చోటు నుంచి, అదే నాణెంతో ఇంకో ఫోటో. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మచ్చ పెరిగిందా లేదా అన్నది వాదన లేకుండా తేలిపోతుంది. మనసు భయపడినప్పుడు మచ్చ ప్రతి గంటకూ పెరిగినట్టే అనిపిస్తుంది. నాణెం ఆ టెన్షన్ తీసేస్తుంది.

రాత్రి లైట్లు ఆపి, ఫోన్ టార్చిని ఆకు కింద పెట్టి పైనుంచి చూడండి. స్టూడియోలో దీన్ని బ్యాక్‌లైట్ అంటాం. ఎండ మచ్చ కాగితంలా పొడిగా, ఒకే తీరుగా కనిపిస్తుంది. బ్యాక్టీరియా మచ్చ అయితే చుట్టూ నూనె పీల్చిన కాగితంలా, తడిగా మెరిసే వలయం ఉంటుంది. పగలు మామూలు కంటికి కనిపించని ఆ వలయమే రేపు కుళ్లబోయే భాగం.

ఆకు అడుగుభాగం చూడకుండా మాత్రం ఏ నిర్ణయానికీ రావద్దు. చాలా తెగుళ్లు అక్కడే మొదలవుతాయి.

ఒక మినహాయింపు ఉంది. మచ్చ మెత్తగా, తడిగా ఉన్నా, మొక్క నడిబొడ్డున ఉన్నా రెండు రోజులు ఆగొద్దు. కిందిది చదివి వెంటనే పని మొదలుపెట్టండి.

వానాకాలపు కుళ్లు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా వీధిలోకి నీళ్లు రాలేదు. కానీ కరెంటు లేదు, వాన ఆగలేదు, అటు నుంచి వచ్చిన ఒక కుటుంబం మా ఇంట్లోనే ఉంది. ఆ వారం మొక్కల వైపు చూసే పరిస్థితి కాదు, చూడలేదు కూడా. బాల్కనీలో జల్లు కొట్టి ఆకులు తడుస్తూనే ఉన్నాయి, ఫ్యాన్ లేదు, గాలి కదలదు. వారం తర్వాత చూస్తే మూడు ఫెలనాప్సిస్‌లు పోయాయి. ఒకదాని ఆకు పట్టుకుంటే చేతిలోకి జారి వచ్చింది, లోపలంతా గంజిలా ఉంది, మురుగు వాసన. మిగతా రెండింటికీ మొవ్వు కుళ్లింది.

కొబ్బరి రైతులకు మొవ్వు కుళ్లు అంటే ఎంత భయమో ఆర్కిడ్ వాళ్లకీ అంతే ఉండాలి. ఫెలనాప్సిస్‌కు పెరిగే చోటు ఒక్కటే, నడిమధ్య మొవ్వు. అది పోతే ఆ కాండం ఇక పైకి పెరగదు. ఒక్కోసారి మొదట్లోంచి పిలక వస్తుంది, రాకపోనూ వచ్చు. డెండ్రోబియం అనే ఇంకో రకం ఆర్కిడ్‌లకు పక్కనుంచి కొత్త కాడలు వస్తూనే ఉంటాయి కాబట్టి అవి కొంత తట్టుకుంటాయి.

బ్యాక్టీరియా మచ్చ చిన్న నీటి బుడగలా మొదలవుతుంది. వేడినీళ్లు పడి బొబ్బ లేచినట్టు ఉంటుంది. గంటల్లో గోధుమ, నలుపు రంగుకు తిరుగుతుంది, చుట్టూ పసుపు వలయం కడుతుంది. మన ఉక్కపోత వాతావరణంలో ఒకటి రెండు రోజుల్లో ఆకంతా పాకగలదు. కారే నీటిచుక్క పక్క కుండీ మీద పడితే అక్కడా మొదలవుతుంది. కాబట్టి ముందు ఆ కుండీని వేరే గదిలోకి మార్చండి. కొత్త బ్లేడును స్టవ్ మంట మీద కాల్చి, చల్లారాక, మచ్చ అంచుకు రెండు సెంటీమీటర్లు అవతల, ఆరోగ్యంగా ఉన్న పచ్చభాగంలో కోయండి. ఇక్కడ జాలి పడి మచ్చ అంచునే కోస్తే మర్నాడు మళ్లీ కోయాల్సి వస్తుంది. కోసిన అంచుకు వంటింటి దాల్చినచెక్క పొడి అద్దండి. అది గాయాన్ని ఆరబెడుతుంది. అదే కారణంతో మొక్క వేళ్ల మీద మాత్రం పడనివ్వకండి, అవి ఎండిపోతాయి. మూడు నాలుగు రోజులు నీళ్లు పోయకుండా ఫ్యాన్ గాలి తగిలే చోట ఉంచండి. ఆ బ్లేడును ఇంకో మొక్కకు వాడొద్దు. కోసిన ముక్కను వేరే కుండీలో ఎరువుగా వేయొద్దు, కవర్లో కట్టి చెత్తలో పారేయండి.

రాకుండా చూసుకోవడం ఇంతకంటే తేలిక. నీళ్లు ఉదయమే పోయండి, చీకటి పడేలోపు ఆకులు ఆరాలి. మొవ్వులో నీళ్లు నిలిస్తే కుండీ పక్కకు వంచి పారబోసి, టిష్యూ కాగితం కొసను మెలిపెట్టి ఆ తడి పీల్చేయండి. కుండీకీ కుండీకీ మధ్య జానెడు దూరం ఉండాలి. వానజల్లు కొట్టే బాల్కనీ అయితే జూన్ నుంచి అక్టోబరు దాకా ఫెలనాప్సిస్‌లను లోపలికి తెచ్చేయడం మేలు.

మిగతా మచ్చలు, క్లుప్తంగా

మిర్చి వేసిన రైతుల్ని అడిగితే కాయకుళ్లు గురించి చెబుతారు. అది తెచ్చే కొల్లెటోట్రైకమ్ జాతి ఫంగసే ఆర్కిడ్ ఆకు మీదా వస్తుంది. ఆకు కొస నుంచో అంచు నుంచో గోధుమరంగు మొదలై లోపలికి పాకుతుంది. ఎండిన భాగంలో ఒకదానిలో ఒకటి ఉంగరాల్లా గీతలు, వాటి మీద ఆవగింజ కంటే చిన్న నల్ల చుక్కలు ఉంటాయి. ఎండ దెబ్బ తిన్న ఆకులోకి ఇది తేలిగ్గా చొరబడుతుంది. అందుకే ఆగిపోయిన ఎండ మచ్చ నెల తర్వాత మళ్లీ కదిలిందంటే దీన్ని అనుమానించాలి.

సెర్కోస్పోరా అనే ఇంకో ఫంగస్ మచ్చ ఆకు అడుగున చిన్న పసుపు చుక్కలుగా మొదలై, కొన్నాళ్లకు ముదురు ఊదా, నలుపు రంగుల్లో గుంట పడుతుంది. డెండ్రోబియంల మీద దీని కోసం తప్పక చూడండి.

ఆకు అడుగున వెండి పూసినట్టు సన్నటి మెరుపు, ముట్టుకుంటే ధూళిలా అనిపిస్తే ఎర్రనల్లి. తెల్ల కాగితంతో తుడిస్తే ఎర్రటి గీత పడుతుంది. ఎండాకాలం, పొడిగాలి దానికి ఇష్టం. ఎర్రనల్లి పురుగు జాతి కాదు, సాలీడు జాతి, అందుకే మామూలు పురుగుమందులు చాలావాటికి లొంగదు. నేను పలచటి సబ్బునీళ్లతో ఆకు రెండువైపులా తుడిచి, తర్వాత మంచినీళ్లతో తుడుస్తాను. ఐదు రోజులకొకసారి చొప్పున మూడుసార్లు చేస్తే తగ్గుతుంది. ఆకు జిగటగా ఉండి, ఈనె పక్కన దూదిలాంటిది కనిపిస్తే పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో ఒక్కొక్కదాన్నీ తీసేయాలి.

ఫ్రిజ్ నీళ్లు పోసినా, ఏసీ చల్లగాలి తిన్నగా ఆకు మీద కొట్టినా ఫెలనాప్సిస్ ఆకులో గుంటలు పడి, పసుపు, గోధుమ మచ్చలు వస్తాయి. తెగులు కాదు, లోపలి కణాలు చలికి చితికిపోయాయంతే. దీనికి ఎదురు సంగతి ఇంకోటి ఉంది, అది మన ఊళ్లదే. మే నెలలో మధ్యాహ్నం మేడ మీద నల్ల ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. అవి పోస్తే మొక్క వేళ్లు ఉడుకుతాయి. ఉదయం ఆరింటికే పోసేయండి.

ఆకు కొసలు మాత్రమే మాడి, కుండీ అంచుకు తెల్లటి పొర కడితే అది నీళ్లలోని ఉప్పు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో మామూలే. ఆర్ఓ మిషన్ బయటకు వదిలే వేస్ట్ నీళ్లు అంతకంటే ఉప్పన, పొదుపు కోసం వాటిని ఆర్కిడ్‌కు పోయకండి. వాననీళ్లు అన్నిటికంటే మంచివి. నెలకొకసారి మంచినీళ్లు కుండీలోంచి ధారగా పారేలా పోసి పేరుకున్న ఉప్పును కడిగేయండి. ఎరువు 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) అయితే లీటరుకు అర గ్రాము చాలు.

ఇక వైరస్. పచ్చ, పసుపు రంగులు చారలు చారలుగా, కొత్త ఆకులోనూ వస్తూ, ఏ మందుకూ, ఏ చోటు మార్పుకూ లొంగకపోతే అనుమానించాల్సింది దాన్నే. పరీక్ష చేయిస్తేనే ఖాయంగా తెలుస్తుంది, మందు మాత్రం లేదు. అది బ్లేడుల ద్వారా, కత్తెరల ద్వారా పక్క మొక్కకు పాకుతుంది. ఒక మొక్కకు ఒక బ్లేడు అని నేను పట్టుబట్టేది అందుకే.

కింది ఆకు ఒక్కటే నెమ్మదిగా పసుపై రాలిపోతే కంగారు పడక్కర్లేదు. వయసైపోయింది, రాలుతోంది.

మన ఆకాశం, మన బాల్కనీ

ఆర్కిడ్‌ని దక్షిణపు కిటికీలో పెట్టండి అని చదివి చాలామంది అలాగే పెడతారు. ఆ మాట చలిదేశాల వాళ్లకు రాసింది. విజయవాడ భూమధ్యరేఖకు పదహారున్నర డిగ్రీలు పైన ఉంది. సూర్యుడు మనకు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు: మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. ఆ రెంటి మధ్య మూడు నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. అంటే నిండు వేసవిలో దక్షిణపు బాల్కనీ పై స్లాబు నీడలో ఉంటుంది. ఉత్తరపు బాల్కనీకి పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. డిసెంబరులో లెక్క తిరగబడుతుంది. మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన యాభై డిగ్రీల ఎత్తుకే వస్తాడు, ఎండ దక్షిణపు బాల్కనీ లోపలిదాకా చొచ్చుకొస్తుంది. సంక్రాంతి ముందు, చల్లటి రోజుల్లో, ఎండ దెబ్బ తిన్న ఆకుల ఫోటోలు నాకు వస్తుంటాయి. ఆరు నెలలుగా హాయిగా ఉన్న మొక్కే, చోటు మార్చలేదే అంటారు. మొక్క కదల్లేదు, సూర్యుడు కదిలాడు.

తూర్పు బాల్కనీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. తొమ్మిది దాకా వచ్చే ఎండ ఫెలనాప్సిస్‌కు సరిపోతుంది. పడమర అయితే ఎండను తగ్గించే షేడ్ నెట్ లేకుండా పెట్టకండి. ఇంకోటి, బాల్కనీలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఉంటే దాని గాలి తగలని చోట పెట్టండి. ఆ వేడిగాలికి ఆకులు రెండు రాత్రుల్లో ముడతలు పడతాయి.

వెలుగు కొలవడానికి చెయ్యి చాలు. మధ్యాహ్నం ఆకుకు అడుగు ఎత్తున అరచెయ్యి చాపండి. ఆకు మీద వేళ్లు విడివిడిగా లెక్కపెట్టేంత ముదురు నీడ పడితే ఫెలనాప్సిస్‌కు అది ఎక్కువ. చెయ్యి అని తెలుస్తూ, అంచులు మసకగా ఉన్న నీడ పడితే సరిగ్గా కావలసినంత. నీడే పడకపోతే తక్కువ. అంకెలు కావాలంటే ఫోన్‌లో లక్స్ మీటరు యాప్ వేసుకోండి. ఫెలనాప్సిస్‌కు 10,000 నుంచి 15,000 లక్స్, డెండ్రోబియంకు 20,000 నుంచి 30,000, వాండా రకం ఆర్కిడ్‌కు అంతకంటే ఎక్కువ అని పెట్టుకోండి. యాప్ ఉజ్జాయింపుగానే చూపిస్తుంది, మన పనికి అది చాలు.

నెట్ కొనేటప్పుడు ఫోటోగ్రాఫర్ లెక్క పనికొస్తుంది. 50 శాతం నెట్ అంటే ఒక స్టాప్, వెలుగు సగమవుతుంది. దాని మీద ఇంకో 50 శాతం నెట్ వేస్తే మొత్తం ఆగిపోదు, మిగిలిన సగంలో సగం, అంటే పావు వంతు లోపలికొస్తుంది. మేడ మీద లక్ష లక్స్‌కు అది ఇరవై ఐదు వేలు. డెండ్రోబియంకు బాగుంది, ఫెలనాప్సిస్‌కు ఇంకా ఎక్కువే. కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్క అక్కడ నెట్ కింద పెరిగి ఉంటుంది. ఇంటికి రాగానే ఎండలో పెట్టకుండా, వారానికి కొంచెం చొప్పున వెలుగు పెంచుకుంటూ పోవాలి.

వెలుగు తక్కువైతే మచ్చలు రావు, అందుకే ఎవరూ గమనించరు. ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడుతూ, పొడుగ్గా సాగి, వాలిపోతాయి. చూసినవాళ్లు 'ఎంత పచ్చగా ఉందో' అని మెచ్చుకుంటారు. నాకు దిగులేస్తుంది. ఆర్కిడ్ ఆకు లేత పచ్చిమామిడి రంగులో ఉండాలి. ముదురు పచ్చ అంటే ఆకలితో ఉందని. అలాంటి మొక్క నీళ్లు తాగదు, కుండీ ఆరదు, వేళ్లు కుళ్లుతాయి, అప్పుడు తప్పంతా నీళ్లదే అనుకుంటాం. కిటికీ దగ్గరకు జరిపే వీలు లేకపోతే ఎల్ఈడీ ట్యూబులు రెండు ఆకుకు అడుగు దూరంలో పెట్టి రోజుకు పన్నెండు గంటలు వెలిగించండి. ఫెలనాప్సిస్ పూల కాడ వేయాలంటే వెలుగుతో పాటు కొన్ని వారాలు చల్లటి రాత్రులు కూడా కావాలి. మనకు అవి దొరికేది డిసెంబరు, జనవరిల్లోనే. ఆ రెండు నెలలూ కిటికీ తలుపులు రాత్రి తెరిచే ఉంచండి.

మందు కొట్టక తప్పకపోతే

ఫంగస్ అని తేలితే, అదీ పాకుతుంటేనే. మాంకోజెబ్ ఉన్న ఎం-45 లీటరుకు రెండు గ్రాములు, సాయంత్రం ఎండ తగ్గాక, మాస్కు, గ్లౌజులు వేసుకుని, పిల్లలు లేనప్పుడు, బాల్కనీలోనే కొట్టండి. అది ఫంగస్ మందు, బ్యాక్టీరియా కుళ్లును ఆపలేదు. కాపర్ మందులు డెండ్రోబియంలకు పడవు, పూలకు అసలే పడవు. పొలానికి తెచ్చిన మందుల్లో మిగిలినవి, పేరు చెరిగిపోయిన డబ్బాల్లోవి ఇంట్లో మొక్కలకు కొట్టకండి. గుంటూరు వైపు ప్రతి ఇంటికీ మిర్చి వేసే చుట్టం ఒకరుంటారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

మా చెల్లెలి మొక్కకు మందేమీ కొట్టలేదు. పడమటి కిటికీ నుంచి తీసి, తూర్పు గదిలో కిటికీకి మూడడుగుల దూరంలో పెట్టించాను. ఆ మచ్చ ఆకు అలాగే ఉంచమన్నాను, నాణెం పెట్టి తీసిన ఫోటోల్లో మచ్చ ఇప్పటికీ అంతే ఉంది. దసరా వేళకు పైన కొత్త ఆకు వచ్చింది. అది లేత పచ్చిమామిడి రంగులోనే ఉంది.